స్టాకు పెట్టడం వ్యాపారమా, పందెమా?

"ఇంకో వెయ్యి పెరగనీ, అప్పుడు చూద్దాం."

కాయ దిగే రోజుల్లో గుంటూరు మిరపయార్డు చుట్టుపక్కల ఈ మాట వినపడని పూట ఉండదు. ధర నచ్చకపోతే టిక్కీలు మళ్లీ లారీ ఎక్కి కోల్డ్ స్టోరేజీకి పోతాయి. అలా పెట్టిన సరుకునే మనం స్టాకు అంటాం. పట్నంలో స్టాకు అంటే కంపెనీ షేరు. సరుకు వేరైనా రెండుచోట్లా జరిగేది ఒకటే. ఇవాళ చేతికొచ్చే డబ్బు వదులుకుని రేపటి ధర కోసం ఎదురు చూడటం.

"అది జూదం కాక మరేమిటి" అంటారు పెద్దలు. "జూదమైతే వ్యాపారులు ఎలా బాగుపడ్డారు" అంటారు కుర్రవాళ్లు. ఇద్దరి మాటా సగమే నిజం. సరుకు దాచడం జూదం కాదు. లెక్క లేకుండా దాచడం జూదం.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మీ దగ్గర 20 క్వింటాళ్ల కాయ ఉందనుకోండి. ఇవాళ ధర 12,000 అనుకుంటే 2,40,000 రూపాయలు. పురుగుమందుల అప్పు తీర్చకుండా సరుకు ఆపారు. రెండు రూపాయల వడ్డీ చొప్పున ఆరు నెలలకు 28,800 అయింది. టిక్కీ 40 కిలోల లెక్కన 50 టిక్కీలు. అద్దె టిక్కీకి 200 అనుకుంటే 10,000. రెండూ కలిపి క్వింటాలుకు 1,940 పడింది. అంటే ధర 13,940కి పెరిగితేనే మీరు మొదట ఉన్నచోట ఉన్నట్లు. హమాలీ, లారీ బాడుగ, తరుగు దీని పైన. వెయ్యి పెరిగిందని సంతోషించిన రైతు నిజానికి నష్టానికి అమ్ముకున్నట్లే. ఈ లెక్క ముందే వేసుకున్నవాడు వ్యాపారి. అమ్మాక వేసుకున్నవాడు పందెం కాసినవాడు.

పేకాటరాయుడికి మూడు గుణాలుంటాయి. ఎక్కడ లేవాలో ముందు అనుకోడు. పోతే తట్టుకోలేని డబ్బు పెడతాడు. పోయినచోటే వెతుక్కోవాలని మళ్లీ రెండింతలు పెడతాడు. మన స్టాకులోనూ ఈ మూడూ కనపడతాయి. ధర పడేకొద్దీ "ఇప్పుడమ్మితే నష్టం కదా" అని ఆపుతాం. కిందటేడు పోయింది రాబట్టాలని ఈ ఏడు కౌలుకి ఇంకో రెండెకరాలు పట్టి మిరపే వేస్తాం. గెలిచినవాడు టీ కొట్టు దగ్గర చెబుతాడు. పోగొట్టుకున్నవాడు నోరు విప్పడు. అందుకే మన చెవిన పడేవన్నీ గెలుపులే.

గెలుపును కూడా అనుమానించాలి. 2021-22లో నల్ల తామరపురుగు పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల తోటల్ని ఊడ్చేసింది. దాంతో కాయకు గిరాకీ వచ్చి 2023లో మేలు రకాల ధర క్వింటాలు 20,000 దాటింది. అంతకుముందు సరుకు దాచినవాళ్లకు కలిసొచ్చింది. ఆ లాభం సాటి రైతు తోట పోవడం వల్ల వచ్చిందేగాని మన తెలివి వల్ల కాదు. తర్వాత ధర దిగి దిగి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. 2016లో మంచి ధర పలికిన కాయ 2017 వేసవికి ఎంత పడిందో కూడా మరిచిపోలేదు. అప్పుడు అదే పథకం కింద ప్రకటించిన ధర 5,000. పత్తికైతే మద్దతు ధర అనే అడుగు ఉంది. మిరపకు అదీ లేదు.

ఇప్పుడు కుర్రవాళ్లు సెల్‌ఫోన్లో షేర్ల ఆప్షన్లు ఆడుతున్నారు. వాళ్లకు ఒక్క అంకె చాలు. సెబీ 2024లో వెల్లడించిన లెక్క ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన నూరుమంది మామూలు మనుషుల్లో 93 మంది నష్టపోయారు. అందరికీ కలిపి పోయింది 1.8 లక్షల కోట్లకు పైనే. తిరునాళ్ల గుండాటకీ దీనికీ తేడా ఏముంది?

మరి స్టాకు పెట్టాలనుకునే రైతు ఏం చేయాలి? నాలుగు సంగతులు ముందే కాగితం మీద రాసుకోవాలి. మొదటిది, అప్పులకీ ఇంటి ఖర్చుకీ సరిపడా కాయ వెంటనే అమ్మి, మిగిలింది మాత్రమే దాచాలి. రెండోది, ఖర్చులన్నీ కలిపి గిట్టుబాటు అయ్యే ధర ఎంతో తెలియాలి. మూడోది, ఎంత పెరిగితే అమ్మాలో, ఎంత పడితే ఇక ఆగకూడదో రెండూ రాసుకోవాలి. నాలుగోది, గడువు. కొత్త కాయ యార్డుకు దిగేలోపు పాత కాయ ఖాళీ కావాలి. రాసిన కాగితం ఇంట్లో ఆడవాళ్ల చేతికివ్వండి. గడువు రోజున వాళ్లే గుర్తు చేస్తారు.

"చేతిలో డబ్బుంటే ఇవన్నీ చెప్పొచ్చు" అంటారు. నిజమే. కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చిన కౌలురైతుకు ఎప్పుడమ్మాలో నిర్ణయించుకునే హక్కే లేదు. అతని సరుకుకు మేస్త్రీ అప్పిచ్చినవాడు. సరుకు తాకట్టు మీద తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు కౌలురైతుకూ అందినప్పుడే క్రమశిక్షణ గురించి అతనికి చెప్పే అర్హత మనకుంటుంది. సర్కారు చూడాల్సింది ఇక్కడ.

ఈ పద్ధతి పాటిస్తే లాభం ఖాయమని నేను చెప్పను. ధర మన మాట వినదు. కాని లెక్క ప్రకారం నడిచినవాడు ఒక ఏడు దెబ్బ తిన్నా మరుసటేడు విత్తనం కొనగలడు. పందెం కాసినవాడికి ఆ దెబ్బతోనే పొలం పోతుంది. ఏసీలో టిక్కీ పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఏ రోజు, ఏ ధరకి అమ్ముతాను? జవాబు లేకపోతే ఆ టిక్కీ ఇవాళే అమ్మేయడం మంచిది.