నాచోస్ రాత్రి భోజనం కావాలంటే

రాయ్‌పూర్‌లోని తెలుగు ఇళ్లలో పిల్లలు రాత్రిపూట నాచోస్ అడిగితే, అది చిరుతిండే గాని భోజనం కాదన్న మాట వెంటనే వస్తుంది. ప్యాకెట్ చిప్స్ మీద చీజ్ సాస్ పోసి ఇచ్చేదానికైతే ఆ మాట న్యాయమే. 1940లలో మెక్సికో సరిహద్దు పట్టణం పియెద్రాస్ నెగ్రాస్‌లో ఇగ్నాసియో అనయా అప్పటికప్పుడు చేసి పెట్టిందీ చిరుతిండే: వేయించిన టోర్టియా (మొక్కజొన్న రొట్టె) ముక్కలు, చీజ్, ఊరవేసిన మిరపకాయలు, అంతే. దానికి ఉడికించిన గింజలు, కూరగాయలు, పెరుగు తోడైతే మాత్రం కడుపు నింపే తిండి అవుతుంది. ఆ లోడెడ్ నాచోస్‌ను ఇంట్లో చేసుకుని నిశ్చింతగా భోజనంగా తినవచ్చని నా వాదన. కాకపోతే అందులో పెద్దపీట చీజ్‌కు కాదు, గింజలకు వేయాలి.

చిప్స్‌కు మూలమైన మొక్కజొన్న మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. రాజ్మా, అలసందల్లో అది దండిగా ఉంటుంది. అన్నంలో పప్పు కలుపుకోవడం వెనకున్న మేలే ఇక్కడా దక్కుతుంది. పైగా మెక్సికోలో మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి రుబ్బుతారు. దానివల్ల అందులోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. మన కిరాణా కొట్లో దొరికే పిండి మామూలుగా అలా తయారైంది కాదు. కాబట్టి గింజల కూర అలంకారం కాదు, అవసరం. నలుగురికి పావుకిలో రాజ్మా రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో వేలితో నొక్కితే చితికేంత మెత్తగా ఉడికించాలి. ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర వేసిన పోపులో సగం గింజలు మెదిపి దగ్గరపడనిస్తే, మనిషికి 12 గ్రాములకు పైగానే ప్రోటీన్ అందుతుంది.

మిగతా సరుకు కోసం రాయ్‌పూర్‌లో ఉన్నవాళ్లు విదేశీ సీసాలు వెతకనక్కర్లేదు. ఛీలా అనే అట్టులోకి నంజుకునే పతాల్ చట్నీ, అంటే టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి నూరిన పచ్చడి, సాల్సాకు ఏమాత్రం తీసిపోదు. చలికాలంలో జష్పూర్ జిల్లా పత్థల్‌గావ్ ప్రాంతంలో టమాటా విరగకాస్తుంది. ధర పడిపోయి రైతు దిగాలుపడే రోజుల్లో ఈ పచ్చడి ఎంత చేసుకుంటే అంత మంచిది. చిప్స్‌కు రెండు వంతుల మొక్కజొన్న పిండి, ఒక వంతు గోధుమపిండి వేడినీళ్లతో కలిపి పల్చగా ఒత్తాలి. పెనం మీద తడి ఆరేదాకా కాల్చి, ముక్కోణాలుగా కోసి, ఓవెన్‌లో కరకరలాడనివ్వాలి.

పరాయి తిండి మనకెందుకనే వారికి ఒక్కటే జవాబు. మొక్కజొన్న, టమాటా, రాజ్మాతో పాటు మన ఆవకాయలోని మిరపకాయ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. ఉప్పు గురించిన అభ్యంతరం అంతకంటే గట్టిది, దాన్ని తోసిపుచ్చలేం. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ప్యాకెట్ చిప్స్, ప్రాసెస్డ్ చీజ్, ఊరవేసిన మిర్చి మూడూ ఉప్పుమయమే. అందుకే చిప్స్‌లో ఉప్పు వేయకూడదు, నలుగురికి అరకప్పు చీజ్ తురుము మించకూడదు, పులుపుకు నిమ్మరసం పిండుకోవాలి. చిప్స్ మెత్తబడిపోతాయన్న బెంగ కూడా అక్కర్లేదు: వేడి కూర, చీజ్ వడ్డించే ముందు వేసి, పచ్చడి, పెరుగు గిన్నెల్లో విడిగా పెడితే చాలు. రాజ్మా మిగిలితే మర్నాడు అన్నంలోకి పనికొస్తుంది.