వార్తలో కనపడని బండి

రోడ్డు ప్రమాదాల వార్తల్ని ఓసారి వాక్యాలుగా చదివి చూడండి. ఒక రకం, 'అదుపు తప్పిన కారు'. ఇందులో అసలు మనిషే లేడు. ఇంకో రకం, 'ముందు వెళ్తున్న వాహనాన్ని ఓవర్‌టేక్ చేయబోయి ఎదురుగా వస్తున్న లారీని ఢీకొని'. ఇందులో మనిషున్నాడు, తప్పంతా అతనిదే. మరి ఆ 'ముందు వెళ్తున్న వాహనం' ఆ క్షణంలో ఏం చేసింది? వార్త చెప్పదు, మనమూ అడగం.

నా గొడవంతా ఆ బండితోనే.

రెండు లైన్ల హైవే మీద ఇలాంటివాళ్ళు ప్రతి ప్రయాణంలోనూ తగుల్తారు. 60లో నింపాదిగా పోతుంటాడు. పోనీ, అది అతనిష్టం. రోడ్డు ఖాళీగా ఉందని చూసుకుని మనం కుడికి తీశామా, అప్పటిదాకా లేని పౌరుషం పొడుచుకొస్తుంది. యాక్సిలరేటర్ తొక్కుతాడు. మనం విసిగి వెనక్కి తగ్గితే మళ్ళీ 60కి వచ్చేస్తాడు.

ఇది చిరాకుతో పోయే వ్యవహారం కాదు. లెక్క చూడండి. 60లో పోయే బండిని 80లో దాటాలంటే, ముందూ వెనకా వదలాల్సిన జాగాతో కలిపి దానికంటే 50 మీటర్లు ఎక్కువ నడవాలి అనుకుందాం. 9 సెకన్లు పడుతుంది. ఈలోగా మనం 200 మీటర్లు పోతాం. ఎదురొచ్చే బండి కూడా 80లో ఉంటే అదింకో 200 వస్తుంది. మొత్తం 400 మీటర్లు. ఇప్పుడు పక్కనున్నాయన మొదట్లోనే 70కి పెంచాడనుకోండి. 18 సెకన్లు, 800 మీటర్లు! ఆయన పెంచింది పదే, మనకి కావాల్సిన రోడ్డు మాత్రం రెట్టింపైంది. 400 చూసుకుని బయల్దేరినవాడు మిగతా 400 ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఒకరు మనల్ని దాటుతుంటే వేగం పెంచకూడదు, అడ్డుపడకూడదు అని 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఉంది. లైసెన్సున్న ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

దాటేవాళ్ళంతా బుద్ధిమంతులని నేననట్లేదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారిలో రాత్రి 9కి మన్ననూరు చెక్‌పోస్టు మూసేస్తారు. ఆ టైం దగ్గరపడేకొద్దీ జనం ఎలా తోలుతారో ఆ రోడ్డెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మలుపులో దాటేవాణ్ణి ఎవరూ వెనకేసుకు రాలేరు. కానీ వాడొకసారి పక్కకొచ్చాక వాడికి బుద్ధి చెప్పే పాఠశాల ఆ రోడ్డు కాదు. ఎదురొచ్చే బస్సులో వాళ్ళకి మీ ఇద్దరి పంతంతో ఏం సంబంధం?

మనం మాటకి ముందు తిట్టే లారీ డ్రైవర్లలో చాలామంది ఈ విషయంలో నయం. ఎత్తు మీద కూర్చుంటారు, ముందున్న రోడ్డు మనకంటే బాగా కనిపిస్తుంది. కిటికీలోంచి చెయ్యి ఊపి పొమ్మంటారు, లేదా ఆగమంటారు. ముక్కూ మొహం తెలీని మన ప్రాణం కాసేపు వాళ్ళ చేతిలో ఉందని వాళ్ళకి తెలుసు. ఏసీ కార్లో అద్దాలెత్తుకున్న మనకే తెలీదు. తగ్గడం అవమానమనీ, తగ్గనివాడే హీరో అనీ సినిమా హాల్లో కొట్టిన చప్పట్లు స్టీరింగ్ దాకా వచ్చేశాయి.

ఇందులో త్యాగమేమీ లేదు. కుడి అద్దంలో బండి కనపడగానే కాలు కాస్త పైకి తీస్తే చాలు. ఆలస్యమయ్యేది నాలుగు సెకన్లు.