బండి నడిచి చూపాలి

పల్లె పిల్లలకు బలం, గమనం కొత్త సంగతులు కావు. తిని పారేసిన తాటిముంజ కాయలు రెండింటికి పుల్ల గుచ్చి, పంగలకర్రతో నెట్టుకుపోయే బండి వారికి బడికి రాకముందే తెలుసు. ఇసుకలో అది ఎందుకు మొరాయిస్తుందో కూడ తెలుసు. తీరా ఎనిమిదో తరగతిలో ఘర్షణ పాఠం వచ్చేసరికి ఆ బండి బడి గుమ్మం బయటే ఆగిపోతున్నది.

సైన్సు ప్రదర్శనల తీరు మరీ విచారకరం. థర్మోకోలు, రంగు కాగితాలు, పట్నం కొట్లో కొన్న మోటారు కారు. చూపులకు బాగున్నదానికే బహుమతి. అది ఎంతదూరం పోతుందని అడిగే న్యాయనిర్ణేతలు అరుదు.

నిజానికి ఖర్చుతో పనిలేదు. అరిగిన హవాయి చెప్పుల నుంచి కోసిన చక్రాలు, ఖాళీ రీఫిల్లులో దూర్చిన సైకిలు పుల్ల, ఒక బెలూను చాలు. గాలి వెనక్కి చిమ్మితే బండి ముందుకు పోతుంది. న్యూటన్ 1687లో ప్రకటించిన మూడవ గమన సూత్రం వరండాలోనే కనబడుతుంది. గులకరాయి ఎక్కించి, దించి, సిమెంటు గచ్చుమీద, గోనెపట్టామీద మూడేసిసార్లు వదిలి టేపుతో కొలవాలి. ఒక్కోసారి ఒక్క మార్పే చేయాలి. బెజ్జం నడిమధ్య పడకపోతే బండి కుంటుతుంది, అదీ పాఠమే. రబ్బరు బ్యాండు బండికి చక్రాలు మరీ నున్ననైతే ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. వాటికి పాత ట్యూబు ముక్క తొడిగితే బండి పరుగు తీస్తుంది. ఘర్షణ అంటే అడ్డంకేనని బట్టీపట్టిన పిల్లవాడు అప్పుడు తల గోక్కుంటాడు.

2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఉన్నది. అది అందని బళ్లే ఎక్కువ. సిలబసు పూర్తిచేయాలన్న ఉపాధ్యాయుల తొందర కాదనలేనిదే. అయినా నెలకు రెండు పీరియడ్లు వరండాకు వదిలితే వచ్చే నష్టం లేదు. విద్యార్థి స్వయంగా రాసుకున్న కొలతల పుస్తకాన్ని నమూనాతోపాటు చూడాలని, సగం మార్కులు దానికే వేయాలని జిల్లా విద్యాశాఖాధికారులు వచ్చే ప్రదర్శన నుంచే ఆదేశించాలి.