కొలిమి ఆరిపోతే కొడవలికి దిక్కెవరు?

పసుపు పంట చేతికొచ్చే రోజులలో ఆకు కోయడానికి ప్రతి ఇంటా కొడవళ్లు వెతుక్కుంటారు. చూరులో చెక్కినవి తుప్పు పట్టి, కక్కు అరిగి ఉంటాయి. కక్కు కొట్టించుకుందామంటే ఊళ్లో కమ్మరి ఉండడు. ఉన్న ఒక్క పెద్దాయనకు చూపు ఆనదు, కొడుకులు బతుకుదెరువుకు పట్నమో గల్ఫో పోయారు. నిజామాబాద్ జిల్లాలోని అనేక గ్రామాలలో ఇదే పరిస్థితి. వరి కోత యంత్రాలు వచ్చాక కొడవలితో పనేముందని కొందరు అనవచ్చు. కాని పశువుల మేతకు, పసుపు ఆకుకు, గట్ల మీద గడ్డికి యంత్రం రాదు. గీత కార్మికుని కత్తికి, వంటింటి కత్తిపీటకు, గొడ్డలికి నేటికీ పదును కావలసిందే.

ఈ విలేకరి గత ఏడాది సంతలో రెండు కొడవళ్లు కొన్నాడు. చూపుకు తళతళ మెరిశాయి. మూడో రోజుకు ఒకటి వంగిపోయింది, రెండో దాని అంచు మడత పడింది. పక్క ఊరి వృద్ధ కమ్మరి దగ్గరకు తీసుకుపోతే ఆయన ఆకురాయితో ఒక్క గీత గీసి చూసి, "గిది ఉక్కు గాదు బిడ్డా, ఉత్త మెత్తటి ఇనుము. ఎంత పానం పెట్టినా నిలవది" అన్నాడు. ఒక్క గీతతో లోహం గుణం చెప్పగల ఆ చేయి రేపు లేకుంటే ఊరికి కలిగే నష్టం ఎంతో రైతులు ఆలోచించాలి.

నిజానికి ఉక్కు విషయంలో ఈ జిల్లాకు ఉన్న పేరు చిన్నది కాదు. కోనసముద్రంలో మట్టి మూసలలో కరిగించి తయారుచేసిన ఉక్కు కోసం పర్షియా దేశపు వర్తకులు ఇంతదూరం వచ్చేవారు. ఆ తయారీని కళ్లారా చూసిన హెన్రీ వైసీ రాసిన వర్ణన 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అంతటి విద్య పుట్టిన నేలమీద నేడు ఒక కొడవలికి కక్కు కొట్టే మనిషి దొరకకపోవడం విచారకరం.

ఇటువంటి సమయంలో ఒక మంచి మార్పు కూడా కనిపిస్తున్నది. కొన్ని గ్రామాలలో చదువుకున్న యువకులు ఇంటి వెనుక చిన్న కొలిమి పెట్టుకుని, సెల్‌ఫోన్‌లో చూసి కత్తులు, కొడవళ్లు చేయ ప్రయత్నిస్తున్నారు. వారి ఉత్సాహం హర్షించదగినది. అయితే ఫోనులో కనబడేది సగం పనే. మిగతా సగం తెలియక చేతులు కాల్చుకుంటున్నారు. మా పొరుగు గ్రామంలో ఒక కుర్రవాడు కాపు తీసేసిన గ్రైండర్‌తో అంచు తీస్తుండగా చక్రం పగిలి ముక్క కనురెప్పను చీల్చింది. వెంట్రుకవాసిలో కన్ను దక్కింది. ఇరవై రూపాయల పని కోసం జన్మంతా చీకటి కొనితెచ్చుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

కనుక ఇంటి వద్ద కొలిమి పెట్టుకోదలచినవారు కొన్ని సంగతులు ముందుగా గ్రహించాలి.

మొదటిది స్థలం. గడ్డివాముకు, పూరిపాకకు, పశువుల కొట్టానికి దూరంగా రేకుల నీడన నేలమీద పెట్టాలి. నీళ్ల తొట్టి, ఇసుక బకెట్టు చేతికందే దూరంలో ఉండాలి. ఎండ నేరుగా పడే చోట ఇనుము రంగు కనబడదు, రంగు కనబడకపోతే వేడి తెలియదు. అందుకే మన పెద్దలు కొలిమిని నీడపట్టున పెట్టారు.

రెండవది పనిముట్లు. తిత్తికి బదులు చేతితో తిప్పే ఊదుడు చక్రం, ఒక దాగలి, రెండు సుత్తెలు, పట్టకారు, ఆకురాళ్లు, సాన ఉంటే పని మొదలుపెట్టవచ్చు. దాగలికి రైలు పట్టా ముక్క బాగుంటుందని చాలామంది వెతుకుతారు. దొంగిలించిన రైల్వే సామాను ఇంట్లో దొరికితే 1966 నాటి చట్టం కింద కేసు అవుతుంది. రసీదు లేకుండా అటువంటి ముక్క ఎవరిచ్చినా తీసుకోరాదు. లావుపాటి ఇనుప దిమ్మెను మొద్దులో దిగగొట్టినా సరిపోతుంది.

మూడవది లోహం. ఇల్లు కట్టే చువ్వతో కత్తి చేస్తే అంచు నిలవదు. లారీ కమాను పట్టీలో ఉక్కు ఉంటుంది. గ్రైండర్‌కు ఆనించి చూస్తే తేడా తెలుస్తుంది. మెత్తటి ఇనుము నిప్పురవ్వలు పొడుగ్గా, సూటిగా పోతాయి. ఉక్కు రవ్వలు కాకరపువ్వొత్తిలా చిట్లుతాయి. పాత పట్టీలో కంటికి కనబడని పగుళ్లు ఉండవచ్చు గనుక బాగా చూసి తీసుకోవాలి. తెల్లని జింకు పూత పూసిన పైపులను, రేకులను మాత్రం కొలిమిలో పెట్టరాదు. ఆ పొగ పీల్చితే చలిజ్వరం వచ్చినట్లు వణుకు పుడుతుంది, ఊపిరి ఆడదు.

నాలుగవది పానం. అసలు విద్య ఇక్కడే ఉన్నది. కొడవలికి కక్కు కొట్టిన తరువాతనే పానం పెట్టాలి. ఎర్రగా కాల్చిన ఇనుముకు అయస్కాంతం అంటుకోవడం మానుతుంది. అది సుమారు 770 డిగ్రీల వేడి. అంతకు కొంచెం పైకి కాల్చి ముంచాలి. కమాను ఉక్కును చన్నీళ్లలో ముంచితే పగులుతుంది, గోరువెచ్చని వంటనూనె మేలు. నూనె పాత్ర ఇనుపదై ఉండాలి, దగ్గరే మూత ఉండాలి. ప్లాస్టిక్ బకెట్టులో పాత ఇంజను ఆయిలు పోసి ముంచితే మంట ఎగిసి ఇల్లు అంటుకోవచ్చు. ముంచి తీసిన కత్తి గాజువలె పెళుసుగా ఉంటుంది. దానిని మరల సన్నగా కాల్చి, శుభ్రం చేసిన అంచు ఎండుగడ్డి రంగుకు రాగానే ఆపాలి. మొద్దులు నరికే కత్తికి ఇంకొంత ముందుకు పోయి ఊదా రంగు వరకు పోనివ్వవచ్చు. ఈ రెండో కాల్పు మానివేసినవాని కత్తి మొదటి దెబ్బకే విరిగి ఎగురుతుంది.

ఐదవది ఒళ్లు. కళ్లకు అద్దాలు, కాళ్లకు తోలు చెప్పులు, ఒంటిమీద నూలు బట్టలు ఉండాలి. నైలాను, పాలిస్టర్ గుడ్డ నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. గ్రైండర్ కాపును ఎన్నడూ తీయరాదు. ఎర్తు తీగ తప్పనిసరి. చిన్నపిల్లలను కొలిమి దరికి రానివ్వరాదు.

ఇక చట్టం సంగతి. పుట్టినరోజు కేకును తల్వార్‌తో కోసి ఫొటోలు దిగే పిచ్చి యువకులలో వ్యాపించింది. అటువంటివి చేసి ఇమ్మని డబ్బు ఆశ చూపేవారు వస్తారు. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని కింద 2016లో చేసిన నియమాలు 9 అంగుళాలకన్నా పొడవు లేక 2 అంగుళాలకన్నా వెడల్పు ఉన్న అలుగుల కత్తులను, తల్వార్లను, బాకులను ఆయుధాలలో చేర్చాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసిన పనిముట్లను మినహాయించాయి. కొడవలి చేసేవానికి భయం లేదు. తల్వార్ చేసినవాడు మాత్రం కోరినవానితోపాటు తానూ కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది. ఎవరడిగినా "నేను పొలానికి, వంటింటికి మాత్రమే చేస్తాను" అని ముఖం మీద చెప్పగలగాలి.

పైన చెప్పిన సంగతులన్నీ చదివినంత మాత్రాన చేతికి రావు. ఎండుగడ్డి రంగు ఏదో, ఊదా రంగు ఏదో పక్కన నిలబడి చూపేవాడు కావాలి. ఆ చూపేవారు మన గ్రామాలలో ఇంకా కొద్దిమంది మిగిలి ఉన్నారు. ఒకవైపు విద్య తెలిసి సమ్మెట ఎత్తలేని వృద్ధులు, మరొకవైపు సమ్మెట ఎత్తగలిగి విద్య తెలియని యువకులు. ఈ ఇద్దరినీ ఒక కొలిమి దగ్గర కూర్చోబెట్టడమే నేడు జరగవలసిన పని. కులవృత్తి కదా, మనకెందుకని యువకులు వెనుకాడరాదు. పరాయివానికి ఎందుకు చెప్పాలని పెద్దలూ అనుకోరాదు. విద్య దాచుకుంటే దాచినవానితోనే పోతుంది.

ప్రభుత్వ సహాయం కూడా లేకపోలేదు. 2023 సెప్టెంబర్ 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమ్మరం ఒకటి. చేతిపనితో స్వయంగా బతికే వృత్తిదారునికి రోజుకు 500 రూపాయల భత్యంతో శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సహాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత 2 లక్షల వరకు రుణం ఇందులో ఉన్నాయి. దరఖాస్తు పరిశీలన మొదట గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగుతుంది. కనుక సర్పంచులు, కార్యదర్శులు తమ ఊరి కమ్మరి పేరు ఉన్నదో లేదో విచారించి, చదువురానివారి పక్షాన తామే పూనుకోవాలి. పంచాయతీ స్థలంలో నాలుగు రేకులు వేసి ఇస్తే ఆ కొలిమి దగ్గరే కుర్రవాళ్లు పని నేర్చుకుంటారు.

రైతుల బాధ్యతా తక్కువేమీ కాదు. వెనుకటి రోజులలో కళ్లంలో కమ్మరికి గింజలు కొలిచిన తరువాతే ధాన్యం ఇల్లు చేరేది. ఆ గింజలు పోయాయి, వాటి స్థానంలో సరైన కూలి రాలేదు. సంతలో వంగిపోయే కొడవలికి అడిగినంత ఇచ్చి, పదేళ్లు నిలిచే కొడవలి చేసిన ముసలాయన దగ్గర అయిదు రూపాయలకు బేరమాడడం న్యాయం కాదు.

ఈ విలేకరి పట్టుకుపోయిన రెండు కొడవళ్లను ఆ పెద్దాయన పక్కకు పెట్టి, పాత కమాను పట్టీతో కొత్తది ఒకటి చేసి ఇచ్చాడు. సమ్మెట ఎత్తే శక్తి లేక పక్కింటి పిల్లవానిని పిలిచి కొట్టించాడు. ఎక్కడ కొట్టాలో వేలితో చూపుతూ ఉంటే ఆ పిల్లవాడు సాయంత్రానికి రంగు గుర్తుపట్టాడు. ఆ కొడవలి ఈ ఏడు కూడా పని చేస్తున్నది. ప్రతి ఊళ్లో అటువంటి సాయంత్రం ఒక్కటైనా రావాలి. కోతలు వచ్చేదాకా ఆగక, ఈ వారమే మొద్దుబారిన కొడవలిని పట్టుకుని ఊరి కమ్మరి ఇంటికి పోదాం. పోతూ పోతూ ఇంట్లోని కుర్రవానిని కూడా వెంట తీసుకుపోదాం.