నేలను తాకని చీపురు

పోయిన వారం స్కాలర్‌షిప్ బకాయిల మీద రెండో భాగం రాస్తానన్నాను. అది వచ్చే వారం. మధ్యలో ఒక గొడవ వచ్చి పడింది. అది రాయకుండా ముందుకు పోలేను.

డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయిని హాస్టల్ నుంచి ఇంటికి పంపేశారు. పేరూ ఊరూ రాయను, కామెంట్లలో అడగొద్దు. రాత్రిపూట అందరూ పడుకున్నాక కొవ్వొత్తి వెలిగించి, ఒక గిన్నెలో ఉప్పు, ఇంకో గిన్నెలో నీళ్లు పెట్టుకుని ఏదో చదువుకుంటోందట. అదే గదిలో ఒక అమ్మాయికి వారం నుంచి జ్వరం. ఇంకో అమ్మాయికి రెండు పేపర్లు పోయాయి. ఆ జ్వరాన్నీ ఈ ఫెయిలునూ తెచ్చి ఆ కొవ్వొత్తికి కట్టారు. "చేతబడి చేస్తోంది మేడం" అని కాగితం రాసి పదకొండు మంది సంతకాలు పెట్టారు. పదకొండు మందీ మన పిల్లలే. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెబితే దాచినట్టుంటుంది.

ట్రంకుపెట్టె వెతికితే ఒక స్పైరల్ బైండింగ్ జిరాక్స్ పుస్తకం దొరికింది. అది నా దగ్గరికి వచ్చింది. "మీరు తెలుగు పీహెచ్‌డీ కదా, ఇందులో మంత్రాలేమున్నాయో చూడండి" అన్నారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. సరే, రెండు రాత్రులు కూర్చుని చదివాను.

స్కాట్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ 1988లో రాసిన పుస్తకం అది. గుంపులో చేరకుండా, గురువు లేకుండా, ఒంటరిగా విక్కా మతాన్ని సాధన చేసేవాళ్లకు మార్గదర్శి. విక్కా అంటే తమను తాము మంత్రగత్తెలమని సగర్వంగా చెప్పుకునేవాళ్ల మతం. ఆడవాళ్లే కాదు, మగవాళ్లూ ఉంటారు. ఒక దేవత, ఒక దేవుడు. వలయం గీసుకుని అందులో కూర్చోవడం, నాలుగు దిక్కులకు నాలుగు భూతాలు, పౌర్ణమి పూజలు, ఏడాదికి ఎనిమిది పండగలు. తను చేసిందంతా రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం. ఎవరికీ హాని చేయకూడదన్నది మొదటి నియమం. బలవంతంగా ఒక మనిషి మనసు తిప్పే ప్రయత్నం చేయొద్దంటుంది. మన బస్టాండుల్లో పెద్దబాలశిక్ష పక్కన అమ్మే వశీకరణం పుస్తకాలు గుర్తు చేసుకోండి. వాటిలో సగం ఆడపిల్లను లొంగదీసుకోవడం ఎలా అన్నదే. ఆ పుస్తకాలు బాయ్స్ హాస్టళ్లలో ఎన్ని తిరిగాయో నాకు తెలుసు. వాటికోసం ఒక్కడినీ ఇంటికి పంపలేదు.

ఈ మతం పుట్టుక కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో మంత్రవిద్యల చట్టం 1951లో రద్దయింది. మూడేళ్లకే, 1954లో, జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన ఇవాళ్టి మంత్రగత్తెల గురించి పుస్తకం వేశాడు. క్రైస్తవానికి ముందున్న ప్రాచీన మతం చాటుమాటుగా బతికే ఉందని, తను అందులో దీక్ష తీసుకున్నానని అన్నాడు. మార్గరెట్ ముర్రే అనే పండితురాలు 1921లోనే అలాంటి సిద్ధాంతం చేసింది. చరిత్రకారులు తర్వాత దాన్ని కొట్టిపారేశారు. 1999లో రొనాల్డ్ హటన్ దస్తావేజులు ముందేసుకుని, ఈ మతం మహా అయితే ఇరవయ్యో శతాబ్దానిదని తేల్చాడు. ఆ తర్వాత చాలామంది విక్కన్లు "అయితే ఏంటి, కొత్తదే" అని ఒప్పుకుని తమ మానాన తాము సాధన చేసుకుంటున్నారు. నాకు ఇది చాలా నచ్చింది. మా మతం కొత్తది, మేమే కుట్టుకున్నాం అని చెప్పగలిగిన వాళ్లను మన దేశంలో వెతకండి. ప్రతిదీ వేల ఏళ్ల సనాతనమే ఇక్కడ.

గార్డ్‌నర్ గురించి ఇంకో ముక్క. ఇంగ్లండు రాకముందు ఆయన సిలోన్ తేయాకు తోటల్లో, తర్వాత మలయా రబ్బరు తోటల్లో పనిచేసిన దొర. తర్వాత అక్కడే కస్టమ్స్ అధికారి. 1936లో రిటైరయ్యాడు. సిలోన్ తోటలకు తమిళ దళితులు, మలయా తోటలకు వాళ్లతో పాటు మన తెలుగు కూలీలు ఎలా వెళ్లారో మీకు తెలుసు. అందుకని ఆ మతం చెడ్డదైపోదు. ఆ పుస్తకం మన పిల్ల చేతికి ఎంత దూరం తిరిగి వచ్చిందో అనిపించింది, అంతే.

గార్డ్‌నర్ పద్ధతిలో గుంపు ఉండాలి, దీక్ష ఇచ్చే మనిషి ఉండాలి, మూడు మెట్లుంటాయి. దాన్ని అమెరికాకు తెచ్చిన రేమండ్ బక్‌లాండ్ 1986లో పాఠ్యపుస్తకంలాంటిది రాశాడు. పదిహేను పాఠాలు, పాఠం చివర ప్రశ్నలు, అచ్చం మన గైడ్ల లాగే. రెండేళ్లకు కన్నింగ్‌హామ్ ఇంకో అడుగు వేశాడు. నీకు దీక్ష ఎవరో ఇవ్వక్కరలేదు, నువ్వే తీసుకోవచ్చు అన్నాడు. గుంపులవాళ్లకు కోపాలు వచ్చాయి. పుస్తకం చదివి అయిపోతారా అన్నారు. ఈ మాట మనం ఎక్కడో విన్నాం కదా? వేలు కోసిమ్మన్న చోట విన్నాం. చదువుకుంటే సీసం పోస్తామన్న చోట విన్నాం. అందుకే హేతువాద మిత్రులొకరు "మేడం, ఆ పుస్తకం చింపి పారేయండి, మూఢనమ్మకం" అన్నప్పుడు నేను ఒప్పుకోలేదు. గురువు లేనిదానికి పుస్తకం దొరికింది. అందులో ఏముందన్నది తర్వాతి చర్చ. ఆ చర్చ ఆమెతో చేస్తాం, పుస్తకాన్ని చింపి కాదు.

ఇక ఆ చర్చ.

సాధనకు కావలసిన పరికరాల జాబితాలో చీపురు ఉంది. పూజ మొదలుపెట్టే ముందు చీపురుతో చోటు శుద్ధి చేయాలట. అయితే చీపురు నేలకు తగలనక్కరలేదని రాశాడు. గాల్లో ఊపితే చాలు, చెడుశక్తులు పోయినట్టు ఊహించుకోవాలి. ఆ పేజీలో మా పిల్ల పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ఒకే మాట రాసుకుంది. "అమ్మ" అని. వాళ్లమ్మ మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద రోడ్లు ఊడుస్తుంది.

ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పీష్వాల పూనాలో అంటరానివాళ్లు నడుముకు చీపురు కట్టుకుని తమ అడుగుజాడలు తామే ఊడ్చుకుంటూ నడవాల్సి వచ్చిందని అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో రాశాడు. మన చీపురు ఎప్పుడూ నేలను తాకేదే. గాల్లో ఊగే చీపురు ఎవరికుంటుంది? నేల ఊడవడానికి ఇంకో మనిషి ఉన్నవాళ్లకు. కన్నింగ్‌హామ్‌ను తిట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆయన ముప్పై ఆరేళ్లకే చనిపోయాడు, డబ్బులేనివాళ్లు కూడా చేసుకోగలిగేలా రాయాలని చూశాడు. కానీ ఆ పుస్తకం ఊహించుకున్న పాఠకురాలికి ఒక గది ఉంది. తలుపు ఉంది, గడియ ఉంది. ఒంటరిగా చెట్టూ చేమా ఉన్న చోటికి పోయి దీక్ష తీసుకోమంటాడు. రాత్రిపూట ఒంటరిగా చెట్ల మధ్యకు పోగలిగిన దళిత ఆడపిల్ల మన జిల్లాలో ఎక్కడుంది? మన పిల్లకు పన్నెండు మంది పడుకునే గదిలో ఒక మంచం ఉంది. ఏకాంత సాధన అట!

ఇంకో పరికరం కత్తి. నల్లపిడి, రెండువైపులా పదును. కానీ దాంతో ఏదీ కోయరు. శక్తిని ఒకవైపు మళ్లించడానికి చూపిస్తారంతే. మా అమ్మమ్మ మంత్రసాని. నాలుగు ఊళ్ల పురుళ్లు పోసింది. ఆమె కత్తి బొడ్డు కోసేది. పెద్దింటివాళ్లు దొడ్డిదారిన పిలిచేవాళ్లు, దొడ్డిదారిన పంపేవాళ్లు, ఆమె వెళ్లాక గది కడిగేవాళ్లు. మంత్రసాని, మంత్రగత్తె, మాంత్రికుడు. తెలుగు టీచరును కాబట్టి ఈ మూడు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తుంటాను. మాంత్రికుడికి దక్షిణ. మంత్రసానికి మూడు శేర్ల బియ్యం, పాత చీర. మంత్రగత్తెకు రాళ్లు. మూడింటిలోనూ ఉన్నది 'మంత్ర'మే.

1973లో ఇద్దరు అమెరికన్ స్త్రీవాదులు, యూరప్‌లో మంత్రగత్తెలని చంపినవాళ్లలో మంత్రసానులు ఎక్కువని రాశారు. అది అంత నిజం కాదని తర్వాతి పరిశోధకులు అన్నారు. అక్కడ మొత్తం చంపింది నలభై నుంచి అరవై వేల మందినని ఇవాళ చరిత్రకారుల అంచనా. అక్కడ అది ముగిసింది. ముగిసింది కాబట్టే ఆ మాటను ఎత్తుకుని టీషర్టు మీద వేసుకోగలుగుతున్నారు. మన దగ్గర ముగియలేదు. ఎన్‌సీఆర్‌బీ 2022 లెక్కల్లోనే మంత్రాల నెపంతో జరిగిన హత్యలు 85. జార్ఖండ్‌లో ఛుట్నీ మహతోను మంత్రగత్తె అని ఊరి నుంచి తరిమేశారు. ఆమె తర్వాత తనలాంటి ఆడవాళ్లను కాపాడుతూ 2021లో పద్మశ్రీ అందుకుంది. మన మెదక్ వైపు బాణామతి అని పళ్లు పీకిన కథలు, మన్యంలో చిల్లంగి అని కొట్టి చంపిన కథలు మీలో చాలామంది ఇళ్లలోనే విన్నారు.

ఇదే దేశంలో కలకత్తాలో ఇప్సితా రాయ్ చక్రవర్తి, ఒక దౌత్యాధికారి కూతురు, తను విక్కన్ మంత్రగత్తెనని బాహాటంగా ప్రకటించుకుంది. ఆత్మకథ రాసింది, జనం చదివారు. పల్లెల్లో మంత్రగత్తె ముద్ర పడిన ఆడవాళ్ల తరఫున కూడా ఆమె మాట్లాడింది, అది ఆమెకు ఇవ్వాల్సిందే. కానీ ఆ మాటను ఆమె ఎంచుకోగలిగింది. హైదరాబాదులో వారాంతపు టారో క్లాసులు చూడండి. కొవ్వొత్తులు, స్ఫటికాలు, ఫీజు వేలల్లో. అక్కడ దాన్ని హీలింగ్ అంటారు. అదే కొవ్వొత్తి హాస్టల్ మంచం మీద వెలిగితే చేతబడి.

దేవత సంగతి కూడా పిల్లతో మాట్లాడాను. "మేడం, ఇందులో దేవుడికన్నా దేవతే ముందు, అందుకే నచ్చింది" అంది.

"దేవతలు మనకు తక్కువా?" అన్నాను. "పోచమ్మ, ఎల్లమ్మ, మాతమ్మ, ఊరి పొలిమేరలన్నీ వాళ్లవే. ఆ ఎల్లమ్మ పేరు మీదే మన పిల్లల్ని జోగినులను చేశారు. 1988లో చట్టం తెచ్చి ఆపాల్సి వచ్చింది. దేవత ఆడదైనంత మాత్రాన..."

"నేను ఆ దేవతను నమ్మడం లేదు మేడం," అంది మధ్యలోనే. "పుస్తకం తెరిచినప్పుడు ఒక గంట ఎవరూ నన్ను పిలవరు. అంతే."

నా ఉపన్యాసం అక్కడ ఆగిపోయింది. పదేళ్లుగా పాఠం చెబుతున్నాను, ఆ పిల్లకు ఒక గంట కావాలన్న సంగతి అడగాలని తోచలేదు.

ఇక పని సంగతి. విద్యార్థి సంఘాల మిత్రులు ఇది తెలుసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఎస్సీ, ఎస్టీ మనిషిని మంత్రగత్తె అనో మంత్రాలు చేస్తున్నావనో నింద వేసి దెబ్బ కొట్టినా, మానసిక వేదన కలిగించినా అది నేరమే. కానీ నింద వేసినవాళ్లు కూడా ఎస్సీ, ఎస్టీలే అయితే ఆ చట్టం వాళ్లకు వర్తించదు. కేసు పెడదామని ఇద్దరు లాయర్ మిత్రులు ముందుకొచ్చారు, విచారణ లేకుండా పంపేసిన వార్డెన్ మీదే. పిల్ల వద్దంది. సంతకాలు పెట్టినవాళ్లలో ఒకమ్మాయి తన చిన్నాన్న కూతురట. జ్వరం వచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసుకెళితే టైఫాయిడ్ అని తేలింది. మంచినీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారో వార్డెన్ దగ్గర రికార్డు లేదు. శనివారం హాస్టల్లో కూర్చుని ఈ రెండు సంగతులే మాట్లాడాం. పదకొండు మందిలో ఏడుగురు సంతకం వెనక్కి తీసుకున్నారు. నలుగురు తీసుకోలేదు, వాళ్లకింకా భయం. వాళ్లను ఎవరూ ఏమీ అనొద్దు, పోస్టుల్లో కూడా.

పిల్ల సోమవారం కాలేజీకి వచ్చింది. పుస్తకం ఇచ్చేశాను. హాస్టల్‌కు మళ్లీ వెళ్లనంటోంది. కాలేజీకి నడిచి వచ్చేంత దూరంలో ఒక గది చూస్తున్నాం. రెండు చోట్ల కులం అడిగారు, ఒక చోట అడగకుండానే తెలుసుకుని లేదన్నారు. అద్దె రెండు వేల లోపు, లోపలి నుంచి గడియ వేసుకోగలిగే తలుపు ఉండాలి. ఎవరికైనా తెలిస్తే ఇన్‌బాక్స్‌లో చెప్పండి.