ఆసుపత్రిలో పెద్దల పక్కన కూర్చోవడమూ వైద్యమే

తుంటి ఎముక విరిగో, నిమోనియా సోకో ఆసుపత్రిలో చేరిన డెబ్భై ఏళ్ల పెద్దాయన మూడో రోజు రాత్రి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడతారు. సెలైన్ సూది పీకేస్తారు. ఎప్పుడో గతించిన తల్లిని పిలుస్తారు. కన్నకొడుకును చూసి నువ్వెవరంటారు. ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. ఒకరు మతి పోయిందంటారు, మరొకరు గాలి సోకిందంటారు, ఇంకొకరు తావీజు కోసం పరుగెత్తుతారు. ఇలాంటి ఉదంతం వినని కుటుంబం మనలో అరుదు.

వైద్యులు దీనిని డెలీరియం అంటారు. మన పల్లెల్లో సంధి అన్నా, ఉర్దూలో హిజ్యాన్ అన్నా సుమారుగా ఇదే. ఇది పిచ్చి కాదు, జిన్ను పని కాదు. ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే మతిమరుపు జబ్బు కూడా కాదు. గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో ముంచుకొచ్చే స్థితి ఇది. ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొన్ని రకాల మందులు, ఆపరేషన్, నిద్రలేమి వంటి కారణాలు కలిసి ముసలితనంలో మెదడును కల్లోలపరుస్తాయి. కొందరిలో అరుపులు, పెనుగులాట ఏవీ కనిపించవు. మగతగా, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటారు. పాపం హాయిగా నిద్రపోతున్నారని మనం అనుకుంటాం. ఎవరి దృష్టికీ రాదు కనుక ఇది మరింత ప్రమాదం. సంధి కమ్మిన వృద్ధులు ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండవలసి వస్తుంది. కొందరు జబ్బు నయమైనా మునుపటి మనిషిగా ఇంటికి తిరిగి రారు.

దీనిని నివారించవచ్చా? అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ షారన్ ఇనోయే బృందం ఈ ప్రశ్ననే వేసుకుంది. న్యూ హేవెన్ నగరంలోని ఆసుపత్రిలో 70 ఏళ్లు, ఆపైబడిన 852 మందిని పరిశీలించి, ఫలితాలను 1999లో ప్రకటించింది. సగం మందికి మామూలు వైద్యం అందింది. మిగిలిన సగం మందికి దానితో పాటు కొన్ని చిన్న చిన్న సేవలు అందాయి. ఇవాళ ఏ రోజో, చూసే డాక్టరు ఎవరో రోజూ చెప్పడం, కళ్లజోడు పెట్టడం, వినికిడి యంత్రం అమర్చడం, చెవిలో గుమిలి తీయించడం, తగినన్ని నీళ్లు తాగించడం, రోజుకు మూడుసార్లు లేపి నడిపించడం, రాత్రి నిద్రమాత్రకు బదులు వేడి పాలిచ్చి వీపు నిమరడం, వార్డులో చప్పుడు తగ్గించడం. ఈ పనుల్లో చాలావాటిని శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులే చేశారు. మామూలు వైద్యం పొందిన వారిలో నూటికి 15 మందికి సంధి కమ్మగా, ఈ సేవలు పొందిన వారిలో నూటికి 10 మందికి కమ్మింది. అయితే ఒకసారి వచ్చాక దాని తీవ్రతను ఈ సేవలు చెప్పుకోదగినంతగా తగ్గించలేకపోయాయి. కనుక జాగ్రత్త మొదటి రోజు నుంచే మొదలుకావాలి.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ చైనాలో ఉంది. మన దగ్గర లాగానే అక్కడా రోగి వెంట కుటుంబ సభ్యులు ఉంటారు. చెంగ్డూ నగరంలోని వెస్ట్ చైనా ఆసుపత్రి ఈ పద్ధతిని తమ పరిస్థితులకు తగినట్టు మార్చి, కుటుంబ సభ్యులను కూడా అందులో భాగస్వాములను చేసింది. ఆపరేషన్ చేయించుకున్న 281 మంది వృద్ధులపై జరిగిన ఈ పరిశోధన 2020లో వెలువడింది. కుటుంబం పాలుపంచుకున్న 152 మందిలో నలుగురికే సంధి వచ్చింది. మామూలు సేవలు పొందిన 129 మందిలో 25 మందికి వచ్చింది. ఇది ఒక్క ఆసుపత్రిలో తేలిన లెక్కే. అయినా నేర్పితే కుటుంబ సభ్యుల చేతులే ఎంత పని చేయగలవో దీనిని బట్టి ఊహించవచ్చు.

మన ఆసుపత్రుల్లో కుటుంబ సభ్యులకు కొదవ లేదు. కొరత ఉన్నది తెలివిడికి. పోతాయేమోనన్న భయంతో కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు ఇంట్లోనే దాచి వస్తాం. చూపు ఆనక, మాట వినపడక పెద్దలు తెల్లగోడల మధ్య దారి తప్పినట్టవుతారు. ప్రేమకొద్దీ మంచం దిగనివ్వం. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులే పది రోజులు మంచం మీద ఉంటే కాళ్లలో సుమారు కిలో కండ కరిగిపోయిందని 2007లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. ఇక జబ్బుపడిన వారి సంగతి చెప్పాలా? మాటిమాటికీ బాత్రూముకు తీసుకెళ్లాలని నీళ్లు తగ్గిస్తాం. రాత్రి గొడవ చేస్తే నిద్ర ఇంజెక్షన్ ఇవ్వమని నర్సమ్మను మనమే బతిమాలతాం, చేతులు కట్టేస్తుంటే చూస్తూ ఊరుకుంటాం.

పరామర్శ సంగతీ ఆలోచించాలి. ఇయాదత్ సాటివారికి మనం చెల్లించవలసిన హక్కు. కాని పదిమంది మంచం చుట్టూ మూగి, నన్ను గుర్తుపట్టారా అని ఒకరి తరువాత ఒకరు పరీక్ష పెట్టడం పరామర్శ కాదు. రోగి దగ్గర ఎక్కువసేపు కూర్చోరాదని మన పెద్దలు ఎప్పుడూ చెప్పిన మాటే. వచ్చినవారు తమ పేరు తామే చెప్పుకోవాలి. రాత్రి పెందలాడే లేచిపోవాలి. ఎప్పుడూ పక్కన ఉండే ఆ ఒక్కరు ఎవరన్నది ఇంట్లో ముందే నిర్ణయించుకోవాలి. ఆ భారమంతా కోడలి మీదో, కూతురి మీదో వేసి, కొడుకులు సాయంత్రం వచ్చి కుర్చీలో కూర్చుని పోవడం న్యాయం కాదు. రాత్రి కాపలా కొడుకుల వంతు కావాలి. పరాయి మగవారి చేయి పట్టుకుని నడవడానికి సంకోచించే దాదీని, నానీని నడిపించడానికి మాత్రం ఇంటి ఆడబిడ్డే ఉండాలి.

జీవితమంతా నమాజు వేళలతో రోజును కొలిచిన వారికి ఇది జుహర్ వేళ, ఇది అసర్ వేళ అని చెప్పడం కంటే మంచి గడియారం లేదు. కిటికీ తెర తీసి పగలు వెలుగు రానివ్వాలి. నడిపించవచ్చా, నీళ్లు ఎంత తాగించవచ్చు అన్నది డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో వాడే మందులన్నీ చూపించాలి. మాటలో తేడా కనిపించగానే తెల్లారేదాకా ఆగకుండా, నిన్నటిదాకా ఇలా లేరని వెంటనే చెప్పాలి. ఆ తేడా కుటుంబానికి తెలిసినట్టు ఏ డాక్టరుకూ తెలియదు.

ఇంతమాత్రాన ఆసుపత్రుల బాధ్యత తీరిపోదు. వృద్ధుల ఆరోగ్యం కోసం 2010లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రికి పది పడకల ప్రత్యేక వార్డు అన్న మాట ఉంది. మన జిల్లాలో అది ఉందా, పనిచేస్తోందా అని అడగవలసింది మనమే. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు నిండిన వారందరికీ వర్తింపజేశారు. సంతోషమే. కాని ఆ కార్డు బిల్లు కడుతుందే తప్ప నీళ్లు తాగించదు, నడిపించదు. అటెండెంటుగా వచ్చిన వారికి చేరిన రోజే పదిహేను నిమిషాలు ఈ సంగతులు నేర్పడానికి ఆసుపత్రికి కొత్త యంత్రాలు అక్కరలేదు. మన మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు ఎవరూ లేని వృద్ధ రోగుల కోసం నలుగురు యువకులకు, నలుగురు యువతులకు ఈ సేవలో తర్ఫీదు ఇప్పించవచ్చు. ఆ రోగి ఏ మతస్థుడన్న ప్రశ్న ఇక్కడ రానే రాదు.

ఈ వారం మీ బంధువుల్లో పెద్దవారెవరైనా ఆసుపత్రిలో ఉంటే తప్పక వెళ్లండి. పళ్లు కొనే ముందు, వారి కళ్లజోడు వారి దగ్గర ఉందో లేదో ఇంటివాళ్లను అడగండి. లేకపోతే అది తీసుకుని వెళ్లండి.