గువ్వ ఉంది, గువామ్‌లో లేదు

పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా దీవుల్లో ఒక పండ్ల గువ్వ ఉంది. ఒళ్లు ఆకుపచ్చ, నెత్తిన గులాబీ రంగు. కొమ్మ మీద కూర్చుంటే ఆకుల్లో కలిసిపోతుంది. కూత వింటేనే ఉన్నట్టు తెలుస్తుంది. అక్కడి చమోరో ప్రజలు దాన్ని ‘తోతోత్’ అంటారు. సైపాన్, టినియన్, రోటా దీవుల్లో ఇప్పటికీ ఉంది. ఆ వరుసలో అన్నిటికన్నా పెద్దదైన గువామ్‌లో మాత్రం 1980ల నుంచి లేదు.

కారణం ఒక పాము. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైనిక సరుకులతో పాటు గోధుమరంగు చెట్టుపాము గువామ్ చేరింది. రాత్రిళ్లు చెట్లెక్కి గుడ్లను, పిల్లలను, పక్షులను మింగుతుంది. అలాంటి శత్రువును అక్కడి పక్షులు ఎన్నడూ ఎరగవు. పైగా ఈ గువ్వ పెట్టేది ఒక్కటే గుడ్డు. చివరకు గువామ్ అడవిలోని 12 రకాల స్థానిక పక్షుల్లో 10 కనుమరుగయ్యాయి.

పోయింది పక్షులే కాదు, అవి చేసే పని కూడా. పండ్ల గువ్వ పండును మింగి, గుజ్జు అరిగాక, చాలావరకు గింజను చెక్కుచెదరకుండా మరోచోట రెట్టతో వదులుతుంది. అలా అడవిలో విత్తనాలు చల్లుతుంది. ఇప్పుడు గువామ్‌లో పండ్లు తల్లిచెట్టు కిందే రాలుతున్నాయి. ఆ నీడలో మొలకలు నిలదొక్కుకోలేవు. పక్షులు లేకపోవడం వల్ల అక్కడ రెండు రకాల చెట్ల కొత్త మొలకలు 61 నుంచి 92 శాతం దాకా తగ్గి ఉండవచ్చని 2017లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

నివారణ చర్యలు లేకపోలేదు. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ ఆ పాముకు విషం. చచ్చిన చిట్టెలుకల్లో ఆ మందు పెట్టి ఆకాశం నుంచి అడవిలో జారవిడుస్తున్నారు. ఓడలు, విమానాలు ఎక్కే సరుకును కుక్కలతో తనిఖీ చేయిస్తున్నారు. పాము లేని, జనావాసం లేని సరిగన్ దీవికి పొరుగు దీవుల గువ్వలను తరలించారు.

తరలింపుతో జాతికి భరోసా దొరుకుతుంది. గువామ్ అడవికి మాత్రం దానివల్ల ఒక్క మొలకా రాదు. సరిగన్‌లో గువ్వ రాల్చిన గింజ గువామ్‌లో మొలవదు కదా! అందుకే పాముల నియంత్రణకు ఏళ్ల తరబడి నిధులు ఆగకూడదని మేం భావిస్తున్నాం. గువామ్‌లో అమెరికా సైనిక స్థావరాలు విస్తరిస్తున్నాయి, సరుకు రాకపోకలు పెరుగుతున్నాయి. తనిఖీ సడలితే రేపు సైపాన్‌కూ ఇదే గతి పట్టవచ్చు.

‘ఈ జాతి అంతరించలేదు’ అన్న మాట నిజమే. అయితే ఎక్కడ అంతరించలేదో కూడా అడగాలి. సొంత రాష్ట్రాల్లో కోట్లమంది మాట్లాడే భాషను తమ ఊరి బడిలో కాపాడుకుంటున్న మన పాఠకులకు ఆ ప్రశ్న విలువ వేరే చెప్పాలా?